ఏడొందల పద్నాలుగో నంబరు పువ్వు

ఈశ్వర్రావుగారు మనిషిని ఎంత మర్యాదగా తొక్కుతారంటే, తొక్కించుకున్నవాడు లేచి, దుమ్ము దులుపుకుని, దండం పెట్టి మరీ వెళ్తాడు. ఆయన పూర్తి పేరు సుబ్రహ్మణ్యేశ్వరరావు. అంత పేరు శుభలేఖల మీద తప్ప ఎక్కడా పట్టదు కాబట్టి రాజోలు చుట్టుపక్కల అందరికీ ఆయన ఈశ్వర్రావుగారే. వశిష్ఠ గోదావరి ఒడ్డున సొంత కొబ్బరితోటలో రిసార్టు కట్టారు. దాని వెనక, జనరేటర్ షెడ్డు పక్కన, అద్దాల గదిలో బీరు చేసే స్టీలు ట్యాంకులున్నాయి. ఆ గది కావ్యది. అంటే మాల్టు, అదే మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ, ఉడికించేది కావ్య, ట్యాంకులు కడిగేది కావ్య, రాత్రి కరెంటు పోతే తాటిపాక నుంచి స్కూటీ మీద పరిగెత్తుకొచ్చేది కావ్య. గది మాత్రం ఈశ్వర్రావుగారిది.

ఆ మంగళవారం మధ్యాహ్నం కావ్య బల్ల దగ్గర నిలబడే డబ్బా అన్నం తినేసింది. అమ్మ గుత్తివంకాయ ఉల్లికారం పెట్టింది. పొద్దుటంతా గొట్టాలు విప్పడం, కడగడం, మళ్ళీ బిగించడంతోనే సరిపోతుంది కాబట్టి బీరు రుచి చూసే పని ఎప్పుడూ అన్నం తిన్నాకే. చెయ్యి కడుక్కుని, ట్యాంకు పక్కనున్న చిన్న కుళాయిని స్పిరిట్ దూదితో తుడిచింది. మొదట వచ్చిన నురగని బకెట్లోకి వదిలేసి, తర్వాతది గాజు గ్లాసులోకి సగం పట్టింది. గ్లాసు మీద అరచెయ్యి మూసి, నెమ్మదిగా తిప్పి, చెయ్యి తీసి ముక్కు పెట్టింది.

కొత్తపల్లి కొబ్బరి మామిడిపండు. దాని వెనకే బత్తాయి తొక్క గిల్లినప్పుడు వచ్చే ఘాటు. ఒక గుక్క తాగింది. ముందు తీపి, ఆ తర్వాత నాలుక వెనకాల మెల్లిగా ఎక్కే చేదు, గొంతు దిగాక వెచ్చదనం. తొమ్మిది శాతం ఆల్కహాలు ఉన్న బీరు. అంత బలం ఉండి కూడా మీద పడి కొట్టడం లేదు. ఒక్కత్తే నవ్వుకుంది. ముమ్మిడివరంలో రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్షించే లాబ్ ఉద్యోగం మానేసి, బెంగళూరు వెళ్ళి ఈ పని నేర్చుకొచ్చినందుకు ఆమెకి ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు.

ఈ వాసనంతా హాప్స్ అనే పువ్వుది. బీరుకి చేదూ వాసనా ఇచ్చేది అదే. ఎండబెట్టి, పొడిచేసి, చేపల మేతలాగా ఆకుపచ్చ గుళికలు కట్టి అమ్ముతారు. ఇప్పుడు కావ్య వాడిన రకానికి ఇంకా పేరు లేదు. ఏడొందల పద్నాలుగు, అంతే. ఏదో దేశంలో ఎవరో కొత్తగా పెంచిన మొక్క. వాడినవాళ్ళకి నచ్చితే పేరు పెడతారు, నచ్చకపోతే పీకి పారేస్తారు. బెంగళూరులో హాప్స్ దిగుమతి చేసే కంపెనీవాళ్ళు ఈ ప్యాకెట్లు కొన్ని చోట్లకి పంపారు. వాళ్ళ మనిషి ఫణీంద్ర ఊరూరా తిరిగి రుచి చూసి, బాగున్న బీరుని బెంగళూరులో జరిగే బీరు పండగకి ఎంచుతాడు. బీరుతో పాటు దాన్ని చేసిన మనిషి కూడా వెళ్ళాలి. బోర్డు మీద ఆ మనిషి పేరు రాస్తారు. కావ్యకి కావలసిందల్లా ఆ బోర్డు మీద తన పేరు. ఇంతకుమించి ఆమె ఎవరినీ ఏమీ అడగలేదు.

“అమ్మా కావ్యా, అన్నం తిన్నావా?”

ఈశ్వర్రావుగారు తలుపు దగ్గర చెప్పులు విడిచి లోపలికొచ్చారు. వెనకాల ఆయన మేనల్లుడు ఉదయ్. ఉదయ్ గడ్డానికి నూనె రాస్తాడు. గోవాలో రెండుసార్లు బీరు తాగాడు. బీరుతో అతనికున్న సంబంధం అంతవరకే.

“ఆయ్, తిన్నానండి బాబాయిగారూ.”

“రేపు ఆ ఫణీంద్రగారు వస్తున్నారు కదమ్మా. మరేం లేదు, ఆయన ముందు మన ఉదయ్ నిలబడతాడు.”

“ఎందుకండీ?”

“ఎవరు చేసేరు అని అడుగుతారు కదా.”

“చేసింది నేను కదండీ.”

“నువ్వే కదమ్మా! నేను కాదన్నానా?” ఈశ్వర్రావుగారి గొంతు ఇంకా మెత్తబడింది. ఆయన గొంతు మెత్తబడిందంటే ఎవరి కొంపో మునగబోతోందని లెక్క. “ఆడపిల్ల బీరు కాసిందంటే ఊళ్ళో ఏవనుకుంటారు? సారా కాసేరన్నట్టు చెప్పుకుంటారు. రేపు సంబంధాలొచ్చినప్పుడు మీ నాన్నగారికే మాటొస్తుంది. నా కూతురులాంటిదానివి కాబట్టి చెబుతున్నానమ్మా.”

ఈయన ఎవరికైనా ఏదైనా ఎగ్గొట్టాలంటే ముందు వాళ్ళని కూతుర్నో కొడుకునో చేసుకుంటారు. కూలి తగ్గించాలన్నా అంతే, పండగ సెలవు ఇవ్వకూడదన్నా అంతే. ట్యాంకులు కడిగినన్నాళ్ళూ ఆడపిల్లన్న సంగతి గుర్తు రాలేదు. బోర్డు మీద పేరు రాసేవేళకి గుర్తొచ్చింది. కావ్యకి అరవాలనిపించింది. అరిస్తే ఏమవుతుందో కూడా తెలుసు. “పోనీలే అమ్మా, బాధపడకు, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో” అంటారు, అదీ ఎంతో మర్యాదగా. అప్పుడు ఈ ట్యాంకు ఉదయ్ చేతిలో పడుతుంది. బీరైనా సరిగ్గా ఫణీంద్ర నోటికి చేరాలి. తర్వాతది తర్వాత చూసుకోవచ్చు.

“సరేనండి,” అంది పళ్ళ బిగువున. “కానీ ఒక్క మాట. రుచి చూసేదాకా ఆయనకి ఏమీ పెట్టకండి. మంచినీళ్ళూ ఉత్త రొట్టే, అంతే. కారం, పులుపు, కిళ్ళీ ఏం తగిలినా నోటికి ఏదీ తెలీదండి.”

“ఆయ్, అలాగేనమ్మా! నువ్వెలా చెబితే అలాగే.”

ఆయన వెళ్ళాక ఉదయ్‌కి పాఠం చెప్పవలసి వచ్చింది. అతను చేతులు కట్టుకుని ట్యాంకులో తన మొహం చూసుకుంటూ విన్నాడు.

“హాప్స్ అంటే పువ్వా, కాయా?”

“పువ్వండి.”

“మల్లెపువ్వులాగానా?”

“పోనీ అలాగే చెప్పండి, ఉదయ్ గారూ,” అంది కావ్య. “మీరు చెబితే మల్లెపువ్వే.”

అతనికి అందులో వెటకారం తెలియలేదు. తలూపి, ఆ మాట గుర్తుంచుకోవడానికి రెండుసార్లు పెదాలతో అనుకున్నాడు.

మర్నాడు ఫణీంద్ర పొద్దున్నే దిగాడు. సన్నగా, కళ్ళజోడుతో, మాటకి ముందు కాస్త ఆలోచించే మనిషిలా కనిపించాడు. కావ్య అద్దాల వెనక నిలబడి చూసింది. ఫరవాలేదు, మనిషిలాగే ఉన్నాడు అనుకుంది. ఆ అనుకోవడం అరగంట కూడా నిలవలేదు.

ఈశ్వర్రావుగారి భార్య సూర్యావతిగారు ఒక్కొక్క పళ్ళెమే పట్టుకుని వరండాలోకి రావడం మొదలుపెట్టారు. ముందు కొబ్బరినీళ్ళు. నీళ్ళే కదా అని కావ్య ఊరుకుంది. వెనకాలే పూతరేకులు. వాటి వెనక ఉప్మా పెసరట్టు, పైన పచ్చి ఉల్లిపాయలు, పక్కన ముక్కు అదిరే అల్లం పచ్చడి. కావ్య వంటింటి గుమ్మంలోకి పరిగెత్తింది.

“పిన్నిగారూ, బాబాయిగారికి నిన్ననే చెప్పేను కదండీ! ఆయనకి ఏమీ పెట్టకూడదండి. మంచినీళ్ళూ రొట్టే.”

సూర్యావతిగారు అట్ల కాడ పట్టుకునే వెనక్కి తిరిగారు. “రొట్టె పెట్టడానికి ఆయనేవన్నా జొరంతో వచ్చేడా అమ్మా? మనింటికొచ్చిన మనిషిని ఖాళీ నోటితో కూర్చోబెడతావా? రేపు బెంగళూరెళ్ళి, కోనసీమలో మంచినీళ్ళు పోసి పంపేరు అని చెప్పుకోడూ?”

“ఆయనొచ్చింది తినడానికి కాదండీ, రుచి చూడ్డానికి.”

“రుచిగానే చేసేను, చూడమను!”

ఇంక ఈవిడతో ఏం మాట్లాడతాం? కావ్య అద్దాల గదిలోకి తిరిగొచ్చింది. అవతల వరండాలో ఫణీంద్ర రెండు చేతులూ అడ్డం పెట్టి “టేస్టింగ్ ముందు నేను తిననండీ” అంటున్నాడు. పాపం, కొత్త. ఈ వైపు వద్దంటే కొంచెం వెయ్యమని, కొంచెం అంటే బాగా వెయ్యమని అర్థం. ఆయన వద్దన్నకొద్దీ విస్తరి నిండింది. మధ్యాహ్నం భోజనంలో అసలు వద్దనడమే మానేశాడు. రొయ్యల వేపుడు, కొరమేను పులుసు, పనసపొట్టు కూర, ఆవకాయ, మాగాయ, ముద్దపప్పు, గడ్డపెరుగు. ఈశ్వర్రావుగారు పక్కనే కూర్చుని, ఆయన ముద్ద మింగడం ఆలస్యం, “నెయ్యి, నెయ్యి” అని కేకేస్తున్నారు. చివర్న మిఠాయి కిళ్ళీ. ఫణీంద్ర నోరు ఎర్రగా పండింది. చొక్కా గుండీ ఒకటి వదులు చేసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆ నోటితో ఆయన కావ్య బీరు రుచి చూడబోతున్నాడు.

కుళాయి దగ్గర ఉదయ్ నిలబడతానన్నాడు. గొప్ప అతిథికి గొప్పగా చల్లగా ఇవ్వాలని గ్లాసుల్ని పొద్దున్నుంచీ ఐసుపెట్టెలో పెట్టాడట. గ్లాసు తెల్లగా మంచు పట్టి ఉంది. అది చాలదని పైనుంచి రెండు ఐసుముక్కలు కూడా వేశాడు. నెలన్నర కష్టం ఐసుముక్కల కింద మునిగిపోయింది. ఎవరికో సోడా పోసినట్టు పోశాడు దరిద్రుడు.

ఫణీంద్ర గ్లాసు ఎత్తి వెలుగులో చూశాడు. కళ్ళు మూసుకుని వాసన చూశాడు. ఒక గుక్క తాగి, నోట్లో అటూ ఇటూ తిప్పి, చాలాసేపు మింగలేదు.

“మామిడి,” అన్నాడు. “ఆ తర్వాత పైన్ చెట్టు బంక. చివర్లో నారింజ తొక్క.”

ప్యాకెట్లతో పాటు వచ్చిన కాగితం మీద అచ్చు ఆ మూడే ఉన్నాయి, అదే వరసలో. కావ్యకి ఆ కాగితం నోటికొచ్చు. ఆయనకీ నోటికొచ్చని ఇప్పుడు తెలిసింది. ఆవకాయా అల్లప్పచ్చడీ కిళ్ళీ పడ్డ నోట్లోకి, మంచుగడ్డ కట్టిన బీరు వెళ్తే, మామిడి దొరికిందట! ఇందాకటిదాకా ఈశ్వర్రావుగారొక్కరే మోసగాడనుకుంది. బెంగళూరు మోసానికి కళ్ళజోడు కూడా ఉంటుందన్నమాట.

“ఈ ఏడాది నేను తాగినవాటిలో ఇదే బెస్ట్,” అన్నాడు ఫణీంద్ర. “చేసింది ఎవరు?”

ఉదయ్ ఒక అడుగు ముందుకేశాడు. “నేనేనండి. హాప్స్ అంటే పువ్వండి. మల్లెపువ్వులాంటిది.”

ఫణీంద్ర ఒక్క క్షణం అతని వంక చూశాడు. ఏదో అడగబోయాడు గానీ, ఈశ్వర్రావుగారు అప్పటికే శాలువా తెప్పించారు. ముందు అతిథికి, తర్వాత మేనల్లుడికి కప్పారు. చప్పట్లు. అందరూ గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. ఈశ్వర్రావుగారు చుట్టూ చూసి, ఫోను తెచ్చి కావ్య చేతిలో పెట్టారు.

“ఫొటో నువ్వు తియ్యమ్మా. నీ చెయ్యి వణకదు.”

నిజంగానే వణకలేదు. కావ్య వాళ్ళందర్నీ తెర మీద చూసింది. ఎర్రటి నోటితో ఒకడు, నూనె గడ్డంతో ఒకడు, మధ్యలో మర్యాద. ఉమ్మెయ్యాలనిపించింది. నొక్కింది.

సాయంత్రం స్కూటీ తీస్తుంటే ఈశ్వర్రావుగారు దగ్గరికొచ్చారు. “బెంగళూరులో నలుగురి ముందూ చేసి చూపించాలటమ్మా. నువ్వు కూడా వెళ్దువుగాని, ఉదయ్‌కి చెల్లెల్లాగా తోడుండి, వెనకనుంచి కాస్త చూసుకో.”

నిన్న కూతురు, ఇవాళ చెల్లెలు. ఇంకో రెండు రోజులాగితే అమ్మమ్మని చేస్తారు. కావ్య స్కూటీ స్టార్ట్ చేసింది. ఆయన దానికీ “జాగ్రత్తమ్మా” అన్నారు.

ఆ రాత్రి ఆమెని ఏడిపించింది ఉదయ్ కాదు, శాలువా కాదు. ఆ బీరుని ఇంతవరకూ ఒక్కరు కూడా రుచి తెలిసే నోటితో తాగలేదు. అది తట్టుకోలేకపోయింది. పేరు దొంగిలించారు సరే, కనీసం సరుకు చూసి దొంగిలించాలి కదా!

పొద్దున్న కాఫీ కూడా తాగకుండా బయల్దేరింది. రిసార్టులో ఇంకా ఎవరూ లేవలేదు. సూర్యావతిగారి వంటింట్లోంచి మాత్రం రుబ్బుతున్న చప్పుడు వస్తోంది. రాత్రి అక్కడే ఉండిపోయిన ఫణీంద్ర పడవల రేవు దగ్గర సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు. మొహం పీక్కుపోయి ఉంది. నిన్నటి మర్యాదంతా కడుపులో అడ్డం తిరిగినట్టుంది. పక్కన వేడినీళ్ళ ఫ్లాస్కు తప్ప ఏమీ లేదు.

కావ్య గదిలోకెళ్ళి, కుళాయి తుడిచి, మామూలు గ్లాసులో కొంచెం పట్టింది. ఐసు లేదు. పట్టుకెళ్ళి ఆయన ముందు పెట్టింది.

“ఇది నిన్న మీరు తాగిన బీరేనండి.”

“పొద్దున్నేనా?” ఆయన బెదిరిపోయాడు. “వద్దండీ, రాత్రంతా ఇబ్బంది పడ్డాను. మంచినీళ్ళు తప్ప ఏం దిగలేదు.”

“అందుకేనండి తెచ్చాను. మీ నోరు ఖాళీగా ఉన్నది ఇప్పుడే.”

ఆయన ఆమె వంక తేరిపార చూశాడు. ఆ మాటకి అర్థం తెలిసినట్టే ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. గ్లాసు తీసుకుని ముక్కు దగ్గర పెట్టాడు. నిన్నటిలాగా కళ్ళు మూయలేదు, వెలుగులో చూడలేదు. నుదురు ముడిపడింది. మళ్ళీ వాసన చూశాడు. చిన్న గుక్క తాగాడు. ఆగి, మరో గుక్క తాగాడు.

“ఉల్లిపాయ,” అన్నాడు.

“ఏవిటండీ?”

“తరిగి వదిలేసిన ఉల్లిపాయ వాసన. మామిడి ఉంది, చాలా బాగుంది. చేదు కూడా చక్కగా కూర్చారు. కానీ కింద ఉల్లిపాయ ఉంది.”

కావ్యకి ఒళ్ళు మండింది. నిన్న లేని మామిడి కనిపించిన మనిషికి ఇవాళ లేని ఉల్లిపాయ కనిపించింది. వంటింట్లోంచి గాలికి వచ్చి ఉంటుంది అనబోయింది. గాలి ఏటి మీదినుంచి వీస్తోంది. గ్లాసు ఆయన చేతిలోంచి దాదాపు లాక్కుని, ముక్కు పెట్టింది.

ఉంది.

మామిడిపండు వాసన వెనక, నక్కి కూర్చున్నట్టు, పచ్చి ఉల్లిపాయ. ఒకసారి తెలిశాక ఇంక అదే తెలుస్తోంది. తాగింది. గొంతులో కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఎలా తెలియలేదు? అమ్మ పెట్టిన డబ్బా గుర్తొచ్చింది. వంకాయ ఉల్లికారం, ఉల్లిపాయ పులుసు, పెరుగన్నంలో నంచుకున్న ఉల్లిపాయ. రోజూ అన్నం తిని, చెయ్యి మాత్రం కడుక్కుని, అదే నోటితో కుళాయి తిప్పింది. ఊరందరి నోళ్ళనీ తిట్టుకుంది. అతిథికి ఏమీ పెట్టొద్దని వంటింటి గుమ్మంలో నిలబడి పాఠం చెప్పింది. తన నోరు ఏ ఊరిదో తనని తాను ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుతో కావ్యకి తలెత్తబుద్ధి కాలేదు.

“నేనెప్పుడూ అన్నం తిన్నాకే చూసేదాన్నండి,” అంది.

ఫణీంద్ర నవ్వబోయి, నవ్వలేకపోయాడు. “నేను నిన్న ఏం చూసి చెప్పానో మీకు తెలుసుగా,” అన్నాడు మెల్లిగా. “పేరు పెట్టని రకాల్లో కొన్నిటికి ఈ బుద్ధి ఉంటుంది. హాప్స్ బీరులో ఎక్కువ నానితే బయటపడుతుంది. ఎన్నాళ్ళు ఉంచారు?”

“వారమండి.”

“చాలా ఎక్కువ. రెండు రోజులు చాలు.” అని, హఠాత్తుగా ఆగాడు. “ఉంచింది మీరా?”

ఆమె జవాబిచ్చేలోపు వెనకనుంచి చెప్పుల చప్పుడు వినిపించింది. ఈశ్వర్రావుగారు, ఉదయ్, కారు డ్రైవరు. డ్రైవరు చేతిలో కాజాల పెట్టెలు. ఉదయ్ నిన్నటి శాలువా భుజం మీద మడతపెట్టి వేసుకున్నాడు. ఎండలో శాలువా ఎందుకో ఆ దేవుడికే తెలియాలి.

“రాత్రి బాగా నిద్ర పట్టిందాండీ?” అన్నారు ఈశ్వర్రావుగారు.

ఫణీంద్ర లేచి నిలబడ్డాడు. “నిన్న నేను చెప్పింది తప్పండీ. ఇవాళ సరిగ్గా రుచి చూశాను. బీరులో దోషం ఉంది, ఉల్లివాసన వస్తోంది. ఇది ఇలా పండక్కి వెళ్ళదు.”

ఈశ్వర్రావుగారి మొహంలో మర్యాద ఎక్కడికి పోవాలో తెలియక తిరిగింది. ముందుగా తేరుకున్నది ఉదయ్.

“నాకేం తెలుసండీ?” అన్నాడు గబగబా. “చేసింది నేను కాదండి. అంతా కావ్యే. మాల్టు ఉడికించిన దగ్గర్నుంచి హాప్స్ వేసేదాకా తనొక్కత్తే చేసింది. నేను ముట్టుకోలేదు కూడానండి!”

“అవునండీ,” అన్నారు ఈశ్వర్రావుగారు వెంటనే. “అంతా ఆ అమ్మాయే చేసింది. మేవెవ్వరం ఆ గదిలో అడుగు కూడా పెట్టవండి. ఏవమ్మా, కావ్యా, నువ్వే కదా చేసేవు? చెప్పు ఆయనకి!”

కూతురూ లేదు, చెల్లెలూ లేదు. నిన్న శాలువాతో కప్పి దాచిన పేరుని ఇవాళ ఇద్దరూ రెండు చేతులా ఎత్తి, అందరూ వినేలా ఆమె నెత్తిన పెట్టారు. కావ్య ఈ మాట కోసం ఎన్నాళ్ళుగా ఎదురు చూసిందో! చప్పట్ల మధ్య వస్తుందనుకుంది. ఉల్లిపాయతో వచ్చింది. అయినా నిజం నిజమే. తప్పు కూడా తనదే, అందులో ఉదయ్‌కి ముక్క కూడా ఇవ్వబుద్ధి కాలేదు.

“ఆయ్. నేనే చేశానండి,” అంది. తలెత్తే అంది.

ఫణీంద్ర ఉదయ్ భుజం మీది శాలువా వంక ఒకసారి, ఆమె వంక ఒకసారి చూశాడు. “రెండో ప్యాకెట్ ఉందా?”

“ఉందండి. విప్పలేదు.”

“మళ్ళీ చెయ్యండి. అయ్యాక కబురు మీరే చెయ్యండి, ఇంకెవరూ వద్దు. నేను ఏమీ తినకుండా వస్తాను.” ఫోను తీశాడు. “మీ పూర్తి పేరు?”

ఇంటిపేరుతో సహా చెప్పింది. ఆయన ఒక్కొక్క అక్షరమే కొట్టుకున్నాడు. ఈశ్వర్రావుగారు గొంతు సవరించుకున్నారు గానీ, ఎంత వెతికినా మెత్తటి మాట ఒక్కటీ దొరకలేదు. ఆడపిల్ల అందామంటే, ఆ ఆడపిల్లే చేసిందని సాక్ష్యం చెప్పింది ఆయనే.

కారు వెళ్ళింది. కాజాల పెట్టెలతో సహా వెళ్ళింది, ఆ విషయంలో మాత్రం ఫణీంద్ర తప్పించుకోలేకపోయాడు. కావ్య గ్లాసు పట్టుకుని వెనక్కి నడుస్తుంటే సూర్యావతిగారు పళ్ళెంతో ఎదురొచ్చారు. ఆవిరి కక్కుతున్న పెసరట్టు, మీద దోసెడు ఉల్లిపాయలు, అల్లం పచ్చడి. “ఆయన ముట్టుకోకుండా వెళ్ళిపోయేడు. నువ్వైనా తినమ్మా, వేడిగా ఉంది. పొద్దున్నే ఖాళీ కడుపుతో వచ్చినట్టున్నావు.”

వాసనకి నోరూరింది. నిజంగానే ఆకలేస్తోంది.

“తర్వాత తింటానండి పిన్నిగారూ,” అంది కావ్య. “ముందు నా బీరు చూడాలి.”

ఆ మాటకి ఈశ్వర్రావుగారు గబుక్కున చుట్టూ చూశారు, ఊళ్ళోవాళ్ళెవరైనా విన్నారేమోనని. డ్రైవరు లేడు, రేవులో ఎవరూ లేరు. ఉదయ్ శాలువా విప్పి చేతి మీద వేసుకుంటున్నాడు. కావ్య అద్దాల గదిలోకెళ్ళి, దూదికి స్పిరిట్ అద్ది, కుళాయి తుడవడం మొదలుపెట్టింది.